కథ చెప్పండి, తలుపు మాత్రం మూయకండి

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల బంగళా రైడ్ కట్టేటప్పుడు డిజైనర్లకు ఒక చిక్కు వచ్చింది. బయటికి కనపడే పాత బంగళా పార్కు లోపల ఉంది. అసలు రైడ్ నడిచే పెద్ద భవనం మాత్రం పార్కు చుట్టూ పోసిన మట్టికట్టకు అవతల ఉంది. ఆ కట్ట మీద రైలు తిరుగుతుంది. కాబట్టి జనాన్ని పట్టాల కింద నుంచి అవతలికి పంపాలి. పంపాలంటే ముందు వాళ్లను కిందికి దించాలి. మెట్లు కట్టొచ్చు, మామూలు లిఫ్టు పెట్టొచ్చు. వాళ్లు ఎనిమిది పలకల గది ఒకటి కట్టారు. లోపలికి వెళ్లగానే తలుపు మూసుకుపోతుంది. ఎక్కడి నుంచో ఒక గొంతు పలకరిస్తుంది. గోడలు నెమ్మదిగా సాగడం మొదలుపెడతాయి. గోడ మీద గొడుగు పట్టుకుని ముచ్చటగా నిలబడ్డ అమ్మాయి బొమ్మ ఉంటుంది. గోడ సాగేకొద్దీ ఆ బొమ్మ కింది భాగం బయటపడుతుంది. ఆమె నిలబడింది తెగిపోబోతున్న తాడు మీద. తాడు కింద మొసలి నోరు తెరుచుకుని ఉంది. గది పైకి సాగుతోందని మనం అనుకుంటూ ఉంటాం. సాగడం లేదు, మన కాళ్ల కింద నేల దిగుతోంది. మనం ఉన్నది లిఫ్టులో.

1969 ఆగస్టు 9న మొదలైన ఆ గదిని స్ట్రెచింగ్ రూమ్ అంటారు. ఇన్నేళ్లయినా ప్రీషో, అంటే రైడ్ ఎక్కేముందు గదిలో ఆపి చూపించే చిన్న షో, అనగానే పార్కుల పిచ్చి ఉన్నవాళ్లు ముందు చెప్పేది దాని పేరే. రెండేళ్ల తర్వాత ఫ్లోరిడా డిస్నీలో అదే రైడ్ కట్టినప్పుడు జనాన్ని కిందికి దించాల్సిన అవసరం లేదు. అయినా ఆ గదిని వదులుకోలేదు. అక్కడ నేల కదలదు, పైకప్పే పైకి లేస్తుంది. అవసరం కోసం పుట్టిన గది, అవసరం తీరాక కూడా తన బలం మీద తాను నిలబడింది.

ప్రీషో గురించి నేను ఏం మాట్లాడినా ఈ గదినే కొలమానంగా పెట్టుకుంటాను. ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన ప్రీషోల్లో చాలావాటికి ఈ గది రూపం అబ్బింది, దాని వెనక ఉన్న ఆలోచన అబ్బలేదు. గది ఉంటుంది, తలుపు మూస్తారు, గోడ మీద టీవీ వెలుగుతుంది, ఎవరో ఒకరు వచ్చి రాబోయే మూడు నిమిషాల్లో మనం ఏం చేయబోతున్నామో ఐదు నిమిషాలు చెబుతారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ప్రీషోలు ఉండాలి. డబ్బు పెట్టి, బుర్ర పెట్టి బాగా తీయాలి. కానీ వాటిని తప్పనిసరి చేయకూడదు. తలుపు మూసి మనిషిని నిలబెట్టే హక్కు రెండింటికే ఉంది. ఒకటి ప్రాణానికి సంబంధించిన హెచ్చరిక. రెండోది మనల్ని నిజంగానే ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే గది. మిగతా కథంతా ఇష్టమున్నవాళ్లు చూసేదిగా, ఇష్టం లేనివాళ్లు పక్క నుంచి వెళ్లిపోయేదిగా ఉండాలి.

అసలు పార్కులు ప్రీషో ఎందుకు పెడతాయో చూస్తే కథ కంటే ముందు లెక్క కనిపిస్తుంది. చాలా రైడ్లలో మనుషుల్ని బ్యాచులుగా ఎక్కిస్తారు. ఒక బ్యాచ్ రైడ్‌లో ఉండగా తర్వాతి బ్యాచ్‌ను లెక్కగట్టి పక్కన సిద్ధంగా ఉంచాలి. ప్రీషో గది ఆ పని చేస్తుంది. రైడ్ ఎంతసేపు నడుస్తుందో దాన్ని బట్టే గదిలో షో ఎంతసేపు ఉండాలో తేలిపోతుంది. కథకు అంత సమయం కావాలా, అక్కర్లేదా అన్నది వెనక్కి పోతుంది. రెండు ముక్కల్లో అయిపోయే కథను అందుకే సాగదీస్తారు. ఇది నిర్వహణ అవసరమని ఒప్పుకుంటాను. ఎండలో కదలని క్యూలో నిలబడటం కంటే ఏసీ గదిలో ఏదో ఒకటి చూడటం నయమనే మాటా నిజమే. కానీ పార్కు తన లెక్క కోసం నన్ను ఆపినప్పుడు, ఆ ఆపిన సమయాన్ని నాకు దక్కేలా చేయాల్సిన బాధ్యత పార్కుదే.

అలా చేసినవి ఉన్నాయి. ఫ్లోరిడాలో 1994లో తెరిచిన టవర్ ఆఫ్ టెర్రర్ రైడ్‌ను చూడండి. పాడుబడ్డ హోటల్, దుమ్ము పట్టిన లైబ్రరీ, బయట వాన. మెరుపు మెరుస్తుంది, కరెంటు పోతుంది, మూల ఉన్న పాత టీవీ దానంతట అదే వెలుగుతుంది. అందులో కనిపించే రాడ్ సెర్లింగ్, 'ట్విలైట్ జోన్' అనే పాత టీవీ సీరియల్‌ను పరిచయం చేసిన మనిషి, 1975లోనే చనిపోయారు. పాత ఫుటేజీకి మరొకరి గొంతు కలిపి ఈ కథ చెప్పించారు. షో అయ్యాక మనం వచ్చిన తలుపు కాకుండా ఇంకో తలుపు తెరుచుకుంటుంది. అవతల బాయిలర్ రూమ్. హోటల్ ముందువైపు నుంచి దాని కడుపులోకి వచ్చేశామన్నమాట. కథ చెప్పిన పద్ధతీ, మనల్ని కదిలించిన పద్ధతీ ఒకటే కావడం వల్ల అక్కడ నిలబడ్డ సమయం బరువనిపించదు.

రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్‌లో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. 2019 డిసెంబరులో ఫ్లోరిడాలో మొదలైన స్టార్ వార్స్ రైడ్ అది. ఒక గదిలో బ్రీఫింగ్ ఇచ్చి, బయటికి తీసుకొచ్చి, నిలబడే ఉండేలా ఒక చిన్న ఓడలోకి ఎక్కిస్తారు. ఓడ కదులుతుంది, శత్రువులు పట్టుకుంటారు, తలుపు తెరుచుకుంటుంది. మనం ఎక్కిన తలుపే. కానీ అవతల ఉండాల్సిన ఆరుబయలు లేదు. పెద్ద హాంగర్, వరసగా నిలబడ్డ 50 మంది శత్రు సైనికులు, స్టార్మ్ ట్రూపర్లు. మనం కిటికీల్లో అంతరిక్షం చూస్తూ ఉండగా ఆ గది మొత్తం చుట్టూ తిరిగిందన్నమాట. దీన్ని ప్రీషో అనడానికి కూడా నాకు మనసొప్పదు. రైడ్ అక్కడే మొదలైపోయింది. దీన్ని తప్పించుకునే దారి కావాలని ఎవరైనా అడుగుతారని నేననుకోను.

ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ సంగతి వేరు, అందుకే దాని దగ్గర కాసేపు ఆగుతాను. ఫ్లోరిడా డిస్నీలో 2017 మేలో తెరిచిన ఈ అవతార్ సినిమా రైడ్ నేను చూసిన అన్నిట్లోకీ గొప్పవాటిలో ఒకటి. దాని క్యూ ఇంకా గొప్పది. కొండ ఎక్కి, గుహలోకి వెళ్లి, చీకట్లో వెలిగే మొక్కల మధ్య నుంచి ప్రయోగశాలలోకి వస్తాం. అక్కడ నీళ్ల ట్యాంకులో పెద్ద నీలి అవతార్ శరీరం ఒకటి నిద్రపోతున్నట్టు తేలుతూ ఉంటుంది. ఉన్నట్టుండి దాని వేళ్లు కదులుతాయి. పిల్లలు గాజు దగ్గర ఆగిపోతారు, పెద్దవాళ్లు కూడా ఆగిపోతారు. అక్కడ ఎవరూ తలుపు మూయలేదు, ఎవరూ ఆగమనలేదు. ఆ తర్వాత ప్రీషో గదులు వస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి రెండు. నంబరు వేసిన చోట నిలబడి స్క్రీన్ చూడాలి. మన శరీరాన్ని అవతార్‌తో ఎలా కలుపుతారో వివరిస్తారు. ట్యాంకు ముందు మనకై మనం తెలుసుకున్నదాన్నే ఇక్కడ మాటల్లో మళ్లీ చెబుతారు. ఇంటికొచ్చాక ఎవరినైనా అడగండి, ట్యాంకు గురించే చెబుతారు. ఎవరినీ ఆపకుండానే పది మందిని ఆపగలిగింది ఆ ట్యాంకు.

ఇందులోనే నా వాదన అంతా ఉంది. జనం ఎలాగూ కదల్లేరని తెలిస్తే రాసేవాడి మీద, తీసేవాడి మీద ఒత్తిడి ఉండదు. కావాలంటే వెళ్లిపోవచ్చు అన్నప్పుడే వాళ్లను నిలబెట్టడానికి ఏం చేయాలా అని ఆలోచిస్తారు. మన పల్లెల్లో నాటకం ఆడేటప్పుడు తెర లేవకముందు ప్రార్థన ఉండేది, హార్మోనియం ఉండేది, ఒక్కోసారి హాస్యగాడు ముందే వచ్చి నవ్వించేవాడు. జనం అప్పుడే చాపలు తెచ్చుకుని పరుచుకుంటూ, పిల్లల్ని సర్దుకుంటూ ఉండేవారు. ఆలస్యంగా వచ్చినవాణ్ని ఎవరూ తప్పుబట్టలేదు. ప్రార్థన వినడానికే ముందుగా వచ్చేవాళ్లూ ఉండేవారు, ఎందుకంటే పాడేవాళ్లు బాగా పాడేవారు. ముందుమాటకు అంతకంటే ఏం గౌరవం కావాలి?

మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన లెక్కల మేష్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులున్నా నడవడానికి వెనకాడరు. మా దగ్గరికి వచ్చినప్పుడు ఒక పార్కుకు తీసుకెళ్లాను. ఏ పార్కో చెప్పను. గంటకు పైగా క్యూలో ఓపిగ్గా నిలబడ్డారు, ఎందుకంటే క్యూ కదులుతోంది, గోడల మీద చూడ్డానికి ఏదో ఒకటి ఉంది. చివరికి ఒక గదిలోకి పంపి తలుపు వేశారు. కూర్చోవడానికి ఏమీ లేదు, ఆనుకోవడానికి గోడ కూడా దూరం. స్క్రీన్ మీద మనిషి గడగడా మాట్లాడుతున్నాడు. "ఏమంటున్నాడమ్మా?" అని అడిగారు. చెబుదామని నోరు తెరిచేలోపు ఇంకో నాలుగు మాటలు అయిపోయాయి, అందరూ నవ్వారు. ఆయన నా మొహం వంక చూసి మర్యాదకి నవ్వారు. తలుపు తెరుచుకుంటే అవతల ఇంకో గది. "ఇంకా ఉందా?" అన్నారు. అక్కడున్న అమ్మాయిని పక్కదారి ఏమైనా ఉందా అని అడిగాను. ప్రీషో అందరూ చూడాల్సిందేనండీ అని మర్యాదగానే చెప్పింది. ఆ పిల్ల తప్పేమీ లేదు.

రైడ్ మాత్రం ఆయనకు ఎంత నచ్చిందంటే, దిగాక కాసేపు పిల్లాడిలా చేతులు ఊపుతూ మాట్లాడారు. మా అబ్బాయి మళ్లీ ఎక్కుదాం తాతయ్యా అన్నాడు. "ఎక్కడం నాకిష్టమే రా. ఆ గదుల్లో నిలబడటమే నా వల్ల కాదు" అన్నారు. ఆయన కోసం కట్టిన సరదా ఆయనకు దక్కకుండా చేసింది ఆ గదులే. నాకు కోపం వచ్చింది అప్పుడే. ఆ కోపం ఇంకా పోలేదు.

భాష గురించి పార్కులకు తెలియక కాదు. ఫ్లోరిడా డిస్నీలో స్పానిష్, ఫ్రెంచ్, జపనీస్ లాంటి కొన్ని భాషల్లో కొన్ని షోలకు అనువాదం వినిపించే పరికరాలు ఇస్తారు. వినికిడి లేనివాళ్లకు అక్షరాలు చూపించే పరికరాలూ ఉన్నాయి. తెలుగు లేదని నేను ఫిర్యాదు చేయను, ప్రపంచంలోని ప్రతి భాషకూ చేయలేరు. చేయగలిగిన పని వేరే ఉంది, చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. హాంకాంగ్ డిస్నీల్యాండ్‌లో జంగిల్ రివర్ క్రూయిజ్‌కు కాంటొనీస్, మాండరిన్, ఇంగ్లిష్ భాషలకు మూడు వేరువేరు క్యూలు పెట్టారు. టోక్యో డిస్నీసీలో 2006లో కట్టిన టవర్ ఆఫ్ టెర్రర్‌లో ప్రీషో జపనీస్‌లోనే ఉంటుంది. అయినా ఒక్క ముక్క జపనీస్ రానివాళ్లు కూడా అక్కడ ఉలిక్కిపడతారు. ఎందుకంటే ఆ గదిలో ఒక చిన్న విగ్రహం ఉంటుంది. కథ జరుగుతూ ఉండగా అది తల తిప్పుతుంది, నవ్వుతుంది, మన కళ్ల ముందే మాయమైపోతుంది. మాటలు అర్థం కాకపోయినా కథ అర్థమవుతుంది. అలాంటి గదిలోకి మా నాన్నగారిని మళ్లీ మళ్లీ తీసుకెళ్తాను.

ఇక జాగ్రత్తల విషయం. ప్రీషో తప్పనిసరి అనేవాళ్ల దగ్గరున్న గట్టి వాదన ఇదే. ఫ్లోరిడా డిస్నీలో ఎప్కాట్ అనే పార్కులోని మిషన్ స్పేస్ 2003లో మొదలైంది. మనుషుల్ని గుండ్రంగా వేగంగా తిప్పి రాకెట్లో పైకి ఎగురుతున్న ఒత్తిడి కలిగించే రైడ్. ఇందులో ఎక్కిన తర్వాత 2005లో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ బాబుకు ముందు ఎవరూ గుర్తించని గుండె జబ్బు ఉంది. 2006లో మరో మహిళ చనిపోయారు. ఇలాంటి రైడ్‌లో తల వెనక్కి ఆనించి ఉంచండి, పక్కలకు చూడకండి, గుండె జబ్బు ఉంటే ఎక్కకండి అని చెప్పడం తప్పనిసరి కావాల్సిందే. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పినా నేను వింటాను. కానీ ఆ తర్వాత అక్కడ ఏం చేశారో కూడా చూడాలి. 2006లోనే రైడ్‌ను రెండుగా చేశారు. తిరిగేది ఆరెంజ్, తిరగనిది గ్రీన్. ఏది కావాలో ఎంచుకునే వీలు మనిషికి ఇచ్చారు. జాగ్రత్తలు చెప్పడంతో పాటు దారి కూడా ఇచ్చారు కాబట్టే ఈ ఉదాహరణ నాకు ముఖ్యం.

జాగ్రత్తలు చెప్పడానికి తలుపు మూసిన గది అవసరం లేదని చూపించే రైడ్ డిస్నీకి పోటీ అయిన యూనివర్సల్ పార్కులో ఉంది. హ్యారీ పాటర్ అండ్ ద ఫర్బిడెన్ జర్నీ, 2010. కోటలోంచి నడుస్తూ వెళ్తాం. గోడల మీది చిత్రాలు తమలో తాము మాట్లాడుకుంటూ ఉంటాయి. డంబుల్‌డోర్ గదిలో ఆయన కనిపించి మాట్లాడతాడు. ఇష్టమైతే వింటాం, లేకపోతే ముందుకు నడుస్తాం. ఎక్కే చోటికి కాస్త ముందు సార్టింగ్ హ్యాట్ అనే మాట్లాడే టోపీ కనిపించి రైడ్ నియమాలు చెబుతుంది. ఎవరినీ ఎక్కడా బంధించలేదు, చెప్పాల్సింది చెప్పడం మానలేదు. గాల్లో ఎగురుతున్నట్టు అనిపించే డిస్నీ రైడ్ సోరిన్ కూడా ఇంతే. ఎక్కే వరసల్లో నిలబడి ఉండగానే నటుడు ప్యాట్రిక్ వార్బర్టన్ విమాన సిబ్బంది వేషంలో తెర మీదికి వచ్చి బెల్టు ఎలా పెట్టుకోవాలో, సామాను ఎక్కడ పెట్టాలో చెబుతాడు. ఆ వీడియో జనానికి ఎంత ఇష్టమంటే దాని మాటల్ని తెరతో పాటు తామూ పలికేవాళ్లు ప్రతిసారీ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. చిన్నది, సరదాది, అవసరమైనది. కథనూ జాగ్రత్తలనూ ఒకే సుదీర్ఘ వీడియోలో కలిపేస్తే మాత్రం నష్టమే. కథ వినని మనిషి జాగ్రత్త కూడా వినడు.

ప్రీషోలు లేకపోతే రైడ్లు నడవవు అనేవాళ్లకు 2020 జవాబు చెప్పింది. కరోనా తర్వాత ఆ జులైలో ఫ్లోరిడా డిస్నీ మళ్లీ తెరిచినప్పుడు జనాన్ని ఒక గదిలో కిక్కిరిసి నిలబెట్టే వీల్లేదు. హాంటెడ్ మాన్షన్‌లో స్ట్రెచింగ్ రూమ్ మామూలు నడక దారి అయిపోయింది. టవర్ ఆఫ్ టెర్రర్‌లో లైబ్రరీ గుండా ఆగకుండా నడిచి వెళ్లిపోయేవాళ్లు. ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌లో ప్రీషో గదుల్ని దాటించేసి నేరుగా ఎక్కించారు. 2021లో ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఆ ఏడాదిలో నేను విన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. స్ట్రెచింగ్ రూమ్ లేదని బాధపడనివాళ్లు లేరు. లైబ్రరీ టీవీ లేదని చాలామంది బెంగపడ్డారు. మిగతావాటి ఊసెత్తిన మనిషి నాకు తగల్లేదు. ఏది కథో, ఏది సమయం నింపడమో జనం నోటి మాటలోనే తేలిపోయింది.

నా మాటకు అడ్డం చెప్పేవాళ్లు ఒకటి అడుగుతారు. కొందరు పక్కదారిలో వస్తే బ్యాచ్ లెక్క చెదిరిపోదా? చెదరదు. పార్కులు ఇప్పటికే మామూలు క్యూని, డబ్బు కట్టి కొనుక్కునే లైట్నింగ్ లేన్‌ని, కొన్ని రైడ్లలో సింగిల్ రైడర్ లైన్‌ని కలిపి నడుపుతున్నాయి. ఫర్బిడెన్ జర్నీలో సింగిల్ రైడర్‌గా వెళ్లేవాళ్లు కోట గదులన్నీ వదిలేసి నేరుగా ఎక్కే చోటికే వస్తారు. ఒంటరిగా వచ్చినవాడికి ఇవ్వగలిగిన దారిని మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకి, చీకటంటే హడలిపోయే చిన్నపిల్లకి, అదే రైడ్‌కి పదోసారి వచ్చిన కుర్రాడికి ఎందుకు ఇవ్వకూడదు? లైట్నింగ్ లేన్‌కు అదనంగా డబ్బు కట్టినవాళ్లు కూడా ప్రీషో ఉన్న చోట చివరికి అదే గదిలోకి వస్తారు. అంటే డబ్బు పెట్టినా దొరకని దారి ఇది.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మొదటిసారి వచ్చిన కుటుంబం పక్కదారి చూసి, ఏం పోతుందో తెలియకుండానే అందులోకి దూరి, మంచి కథను పోగొట్టుకుంటుందేమో అని. అందుకే మామూలు దారి ప్రీషో గదిలోంచే ఉండాలంటాను. పక్కదారి అడిగినవాళ్లకు, గది ముందున్న బోర్డు చదివి వద్దనుకున్నవాళ్లకు. లోపల ఎంతసేపు, నిలబడాలా, ఎంత చీకటి, ఎంత శబ్దం అన్నవి ఆ బోర్డు మీద రాసి ఉండాలి. పాత భవనాలన్నిట్లో ఇది కుదరదని కూడా తెలుసు. కాలిఫోర్నియా హాంటెడ్ మాన్షన్‌లో లిఫ్టే దారి. దాన్ని మార్చమని నేను అడగను. కొత్తగా గీసే ప్లాన్లలో ఒక నడవా, ఒక తలుపు కలపడం మాత్రం పెద్ద పని కాదు.

హైదరాబాద్ గురించి ఆలోచించకుండా ఉండలేను. రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉంది. రావిర్యాలలో వండర్‌లా 2016లో తెరిచారు. మన దగ్గర గుండె ఝల్లుమనిపించే రైడ్లు, నీళ్ల ఆటలు ఎక్కువ. లోపలికి వెళ్లి కథలో పడిపోయే రైడ్లు ఇంకా తక్కువే. అవి వస్తాయి, రావాలి కూడా. కథ చెప్పడంలో మనవాళ్లకు లోటేమీ లేదు. సురభి వాళ్లు స్టేజీ మీద మంటలు, వానలు, గాల్లో ఎగిరే మనుషుల్ని చూపిస్తూ తరాలుగా జనాన్ని కట్టిపడేశారు. ఆ రైడ్లు కట్టేవాళ్లు ఓర్లాండోకు వెళ్లి చూసి వస్తారు. చూసినప్పుడు స్ట్రెచింగ్ రూమ్‌నీ, నీళ్ల ట్యాంకునీ చూసి రావాలని నా కోరిక. గోడ మీద టీవీని అక్కడే వదిలేయండి. కథని తెలుగులో చెప్పండి, మాటలు తగ్గించి బొమ్మల్లో ఎక్కువ చెప్పండి. గదిలో నాలుగు వైపులా బెంచీలు వేయండి. మన కుటుంబాలు పార్కుకు వచ్చేది నలుగురుగా కాదు, అమ్మమ్మలు, తాతయ్యలు, చంకన పిల్లలతో పది మందిగా. వాళ్లలో ఇద్దరు ప్రీషో వద్దంటే ఆ ఇద్దరూ నేరుగా ఎక్కే చోటికి వచ్చి, మిగతా ఎనిమిది మందితో కలిసి ఒకే బండిలో కూర్చునే వీలుండాలి.